ఎర్రగట్టు లెక్క

నేను సర్కారు కొలువులో ముప్ఫై ఏళ్లు కాగితాలు రాశాను. అందులో అబద్ధమని తెలిసి రాసిన అంకె ఒక్కటే. అది కూడా ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోకుండా, పాపం పోనీలే అని రాశాను. ఆ పోనీలే వల్ల కంపలగూడెం గొల్లవాళ్ల గట్టు వాళ్ల చేతుల్లోంచి జారిపోవలసిందే. జారలేదంటే, నా కొలువు కూడా నిలిచిందంటే, అది అచ్చమ్మ చలవ. ఇన్నేళ్లు సిగ్గుపడి చెప్పలేదు. ఇప్పుడు వయసు మీద పడ్డాక సిగ్గు కాస్త అరిగింది, చెబుతాను.

అది పందొమ్మిదివందల నలభై తొమ్మిది. నిజాం రాజ్యం పోయి ఏడాది కూడా నిండలేదు. సూర్యాపేట కచేరీలో సర్కారు కొత్తదే గానీ బల్లలు పాతవే, కాగితాలు ఇంకా ఉర్దూలోనే. నా పేరు రామనర్సయ్య. అక్కడ గుమాస్తాను. ఇరవై ఆరేళ్లవాణ్ణి, మీసం కన్నా గర్వమే గుబురుగా ఉండేది.

అప్పట్లో అందరికీ కట్టెల బాధ. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు కట్టెబొగ్గుతో నడిచాయి. ఆ బొగ్గుకీ, పట్నం పొయ్యిలకీ, సున్నపు బట్టీలకీ కలిపి రోడ్డు పక్క గుట్టలన్నీ గొరిగిన గుండ్లయ్యాయి. సూర్యాపేటలో మోపు కట్టెలు కొనాలంటే పొద్దున్నే పోయి నిలబడాలి. అందుకని హైదరాబాదులో పెద్దలు ఒక ఆలోచన చేశారు. కొన్ని గుట్టల్ని పదేళ్లు మూసేయాలి. గొడ్డూ గోదా, మనిషీ ఎవరూ అడుగు పెట్టకూడదు. చెట్టు పెంచి, వంతులవారీగా కొట్టి, ఊళ్లకు కట్టెలు పంపాలి.

ఆలోచన తప్పని ఇప్పటికీ అనను. సూర్యాపేటలో మా అమ్మ కూడా పొయ్యి ముందర కూర్చుని పచ్చి కట్టె ఊదీ ఊదీ కళ్లు పోగొట్టుకున్న మనిషే. అయితే ఏ గుట్ట మూయాలి? దానికి హైదరాబాదు నుంచి ఒక సూత్రం వచ్చింది. నూరెకరాల గుట్టకు యాభై తలల కన్నా తక్కువ గొర్రెలూ మేకలూ ఉంటే మూత, ఎక్కువుంటే మేత. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట మూడు దిక్కులా ఊరూరా తిరిగి తలలు లెక్కపెట్టే పని మా నలుగురు గుమాస్తాల మెడకు చుట్టారు.

నా వంతుకు మఠంపల్లి అవతల, కృష్ణ ఒడ్డుకు రెండు కోసుల దూరంలో ఉన్న కంపలగూడెం వచ్చింది. ఊరి నెత్తిన ఎర్రగట్టు, ఆరువందల ఎకరాలు. ఆషాఢమాసం, సన్నజల్లు. నేను గొడుగూ కాగితాల సంచీ పట్టుకొని ఊళ్లోకి దిగేసరికి గొల్లవాడలో అయిదిళ్ల ముందూ అయిదు దొడ్లు. కంచెకు కొత్త కంప కట్టి ఉంది. లోపల మాత్రం గొర్రె అన్నది లేదు. నేల మీద వెచ్చటి పెంటికలున్నాయి. తడిసిన ఉన్ని వాసన ముక్కు బద్దలు కొడుతున్నది.

వాడకు పెద్ద అచ్చమ్మ. యాభై దాటిన మనిషి, మొగుడు పోయి చాలా ఏళ్లయింది. మరిది మైసయ్యతో కలిసి అయిదిళ్ల మందనూ తనే మేపుతుంది. నన్ను చూడగానే అరుగు తుడిచి, చాప పరిచి కూర్చోబెట్టింది.

"గొర్లెన్ని ఉన్నయమ్మా?" అన్నాను.

"గొర్లు యాడియయ్యా! పోయినేడు రోగమొచ్చి అన్ని సచ్చిపోయినయ్. గవ్వి ఉన్నయ్ సూడు," అని మూలకున్న ఒక గుంపును చూపింది. ముసలివి, కుంటివి, మూతికి పుండ్లున్నవి. ఊరికంతటికీ కలిపి అరవైరెండు.

ఇంతలో గాలి మళ్లింది. గట్టు మీది లోయలోంచి "మ్యా" అని ఒక మందంతా అరిచింది. మైసయ్య వెంటనే ఖళ్లుఖళ్లున దగ్గాడు. గాలి ఆగింది, మైసయ్య దగ్గూ ఆగింది. మళ్లీ గాలి, మళ్లీ అరుపు, మళ్లీ దగ్గు. ఆ సాయంత్రం అతను దగ్గిన దగ్గుకు దవాఖానలో చేర్చుకొనేవాళ్లు.

నాకు నవ్వాగలేదు. సంగతి అంతా తెలుసు. నాకు తెలిసిన కాలమంతా కాగితం పట్టుకొని గొల్లవాడకు వచ్చినవాడు మేత మీద వేసే పుల్లరి పన్ను పెంచడానికే వచ్చాడు. లేకుంటే దొర ఇంట్లో విందుందని మంచి పొట్టేలును చూసి తోలుకుపోవడానికి. అందుకే కాగితం వాసన తగిలితే మంద గట్టెక్కుతుంది. అది వాళ్ల తాతల నాటి పద్ధతి. పాపం, పుల్లరి భయం కాబోలు, నా సొమ్మేం పోయింది అనుకొని అరవైరెండు అని రాశాను. వస్తూ వస్తూ మైసయ్యతో "దగ్గుకు మిరియాల కషాయం తాగు" అని కూడా అన్నాను. నా పెద్దమనసుకు నేనే మురిసిపోయాను.

ఈ లెక్క పుల్లరికి కాదనీ, గట్టు ఉంచాలా మూయాలా అన్నదానికనీ వాళ్లకు నేను చెప్పలేదు. చెప్పమని నాకెవరూ చెప్పలేదు. అంతకన్నా నిజం, అది చెప్పాలని నాకు తోచనే లేదు.

కార్తీకంలో హైదరాబాదు నుంచి మూసే గుట్టల చిట్టా వచ్చింది. ఎర్రగట్టు అందులో మూడోది. ఆరువందల ఎకరాలు, అరవైరెండు తలలు, మూత. అభ్యంతరాలుంటే ఫలానా రోజున కోదాడ బంగళాలో చెప్పుకోవచ్చని ఊళ్లల్లో టముకు వేయించారు.

ఆ టముకు విన్న మూడో రోజు అచ్చమ్మ, మైసయ్య సూర్యాపేట కచేరీ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. కాళ్లకు మోకాళ్లదాకా దుమ్ము. నన్ను చూసి లేచారు.

"అయ్యా, గట్టు మూస్తరంట గద?" అన్నది అచ్చమ్మ.

"మూస్తరమ్మా. తలలు తక్కువున్నయి గదా."

"తక్కువ లెవ్వు. మేం దాసినం."

మైసయ్య తల దించుకున్నాడు. అచ్చమ్మ మాత్రం నా మొహంలోకే చూస్తున్నది. "తప్పు మాదే. పుల్లరికి వచ్చిన్రనుకున్నం. గట్టు లేకుంటే మందను యాడికి తోలాలె? అమ్ముకునుడే. మందను అమ్ముకొని మేమేం జెయ్యాలె చెప్పు? మా అయిదిండ్లల్ల ఎవనికన్న నాగలి పట్టొస్తదా?"

ఎవరైనా విన్నారేమోనని వెనక్కి చూశాను. ఇప్పుడు అసలు లెక్క రాయించబోతే, మొదటి లెక్క ఎవరు రాశారని అడుగుతారు. వాసన తగల్లేదా, అరుపు వినలేదా అని అడుగుతారు. కొత్త సర్కారు పాత గుమాస్తాల్ని ఏ వంకతో పంపుదామా అని చూస్తున్న రోజులవి. ఇంట్లో కళ్లు కనిపించని తల్లి, కడుపుతో ఉన్న భార్య.

"కోదాడకు పోయి చెప్పుకోండి," అన్నాను గొంతు తగ్గించి. "కానీ ఉత్తమాట నమ్మరు. పట్వారీ పుస్తకంలో కూడా అరవైరెండే ఉంది. నా కాగితం చూసే ఆయన రాసుకున్నడు. రుజువు కావాలె."

"రుజువంటే ఏంది?"

"కండ్లకు కనపడేది."

అచ్చమ్మ కొంగు దులుపుకొంది. "అయితే తోలుకొస్తం," అని మెట్లు దిగింది. ఏం తోలుకొస్తుందో నాకు వెంటనే తట్టలేదు. తట్టేసరికి వాళ్లు వీధి మలుపు తిరిగారు.

విచారణకు హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి సుధాకర్ రావు గారు. ఔరంగాబాదు వైపు మనిషి, నలభై ఏళ్లుంటాయి. తెలుగు పుస్తకం పెట్టుకొని నేర్చుకున్నాడు, అందుకని ఒక్కొక్క మాటా కడిగి ఆరబెట్టినట్టు మాట్లాడేవాడు. ఆయనకు కాగితాలు అందించడానికి నన్ను వేశారు. దేవుడికి కూడా నా మీద కోపం వచ్చిందనుకున్నాను.

మొదటి మకాం మిర్యాలగూడ. సర్కారు ఒక నిర్ణయం చేయడం నేను దగ్గరగా చూడటం అదే మొదలు. ఏదో పెద్ద తంతు ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు. నేను కాగితం అందిస్తాను, ఆయన ఎకరాలు చూస్తాడు, తలలు చూస్తాడు, పక్కన పటం మీద ఎర్ర పెన్సిలుతో గీత గీస్తాడు. నిడమనూరు వైపు గుట్ట ఒకటి, త్రిపురారం వైపువి రెండు. మధ్యాహ్నం అన్నానికి లేచేలోగా తొమ్మిది గుట్టల తలరాత అయిపోయింది. అభ్యంతరం చెప్పడానికి వచ్చినవాళ్లు ఇద్దరే. వాళ్లను మాత్రం ఓపిగ్గా విన్నాడు, ఒక గీతను కొట్టేసి మార్చాడు కూడా.

అన్నం తినేటప్పుడు ఆయనే అన్నాడు. "రామనర్సయ్యా, ఈ గుట్టలు నేను ఒక్కటి కూడా చూడలేదు. చూడటానికి సమయం ఇవ్వలేదు. మీ అంకెలే నాకు కళ్లు. మీరు మంచిగా లెక్కించారు కదా?"

"చిత్తం," అన్నాను. పప్పు వేసుకోకుండానే అన్నం కలిపాను.

అక్కణ్ణుంచి కోదాడ పోవాలి. బయలుదేరే ముందు తంతి వచ్చింది. కోదాడ బంగళాను మిలిట్రీ వాళ్లు తీసుకున్నారు, అక్కడ వీలుపడదు, కోదాడ విచారణ కూడా అదే రోజున సూర్యాపేటలోనే జరపండి అని. సుధాకర్ రావు గారు సరే అన్నాడు. కోదాడకు మనిషిని పంపి టముకు వేయించమన్నాడు. వేయించాను. కానీ అచ్చమ్మ అప్పటికే దారిలో ఉంటుంది, ఆమెకు ఏ టముకు వినపడుతుంది?

విచారణ రోజు పొద్దుటి నుంచి నా చెవులు రోడ్డు మీదే ఉన్నాయి. ఎర్రగట్టు కాగితం కట్టలో మూడోది. నేను దాన్ని తీసి అడుగున పెట్టాను. కోదాడ గుట్టలన్నీ అయ్యాయి, సూర్యాపేటవి మొదలయ్యాయి. పొద్దు నెత్తి మీది నుంచి పక్కకు వాలింది. చివరికి కట్టలో మిగిలింది అదొక్కటే. నేను మంచినీళ్లు తెస్తానన్నాను, సిరా పోస్తానన్నాను, పెన్సిలు చెక్కుతానన్నాను.

"పెన్సిలు బాగానే ఉంది," అన్నాడాయన. "ఎర్రగట్టు. అభ్యంతరం ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరు. ఆయన పటం దగ్గరికి లాక్కొన్నాడు.

"దొరవారూ, జర ఆగండి," అన్నాను. ఎందుకని ఆయన అడగబోతుండగానే బజార్లో గోల లేచింది. బండ్లవాళ్లు తిడుతున్నారు, కుక్కలు మొరుగుతున్నాయి, వాటన్నిటి మీదా ఒక పెద్ద "మ్యా". కచేరీ ఆవరణ గేటు దగ్గర తలపాగా చుట్టుకొని మైసయ్య, అతని వెనక దుమ్ములో రోడ్డు నిండా మంద, మంద వెనక కర్ర పట్టుకొని అచ్చమ్మ. ఈసారి మైసయ్య దగ్గలేదు.

సుధాకర్ రావు గారు వరండాలోకి వచ్చాడు. "ఇది ఏమిటి?"

"రుజువు దొరా," అన్నది అచ్చమ్మ.

ఆరు రోజులు నడిచారట. మొదట కోదాడకే పోయారు. అక్కడ బంగళాలో సిపాయిలు తప్ప దొర లేడు. సూర్యాపేట అని ఎవరో చెబితే అక్కణ్ణుంచి పెద్దరోడ్డు పట్టారు. దారి వాళ్లకు కొత్త కాదు, రెండేళ్లకోసారి సూర్యాపేట పక్కనున్న పెద్దగట్టు జాతరకు వచ్చే దారే. కోదాడకు చేరకముందే హుజూర్‌నగర్ దగ్గర మిలిట్రీ వాళ్లు ఆపి ఎక్కడికని అడిగితే, సర్కారుకు లెక్క చెప్పడానికని చెప్పారట. వాళ్లు నవ్వి వదిలేశారు.

"దారిలో మేత?" అని అడిగాడాయన.

"మేతకేంది దొరా! వరి కోసిన మళ్లున్నయ్. రాత్రికి మంద పెట్టుమని రైతులే బతిమాలిన్రు. కోదాడ కాడ ఒకాయన, 'అమ్మాయ్, మా చేలో రెండు రాత్రులు ఉండి వెళ్లండి, మీకు అన్నం పెడతాం' అన్నడు. ఉండనీకి మాకు టైము లేకపాయె. ఒక్క రాత్రి పెట్టినం. గొర్రె పండుకున్న మడికి ఇంకో ఎరువు అక్కర్లేదు గద."

ఆయన కుర్చీ వరండాలోనే వేయించుకొని కూర్చున్నాడు. "మొత్తం ఎన్ని?"

అచ్చమ్మ కర్రతో నేల గీకింది. మైసయ్య అటూ ఇటూ కదిలాడు. ఆయన మళ్లీ అడిగాడు. "ఎన్ని ఉన్నాయి?"

"ఎన్నంటే చెప్పరాదు దొరా. ఏలు సూపి ఒకటి రెండంటే మంద తరుగుతది. మేం లెక్కపెట్టం."

"లెక్కపెట్టకపోతే ఒకటి తప్పిపోతే ఎలా తెలుస్తుంది?"

"ఇంట్ల బిడ్డ కనపడకుంటే లెక్కపెట్టి తెలుసుకుంటరా?" అన్నది. ఆయన నవ్వాడు. "పేర్లు చెప్తా. నువ్వు రాస్కో," అని నావైపు తిరిగింది.

మొదలుపెట్టింది. మా ఇంటి బొల్లి, దాని బిడ్డలు ముగ్గురు, పెద్దదానికి ఇద్దరు, నడిపిదానికి ఒకటి, సిన్నది ఇంకా ఈనలే. కర్రి, కర్రి చెల్లె, దాని కవల పిల్లలు. మొండిచెవిది. సుక్కది. మైసయ్యకు అత్తగారిచ్చిన పుల్ల, దాని సంతు పదకొండు. అయిదిళ్లవీ ఇల్లిల్లూ, తల్లీ బిడ్డా వరసన చెబుతూ పోయింది. నేను ఒక్కొక్కదానికి ఒక గీత గీస్తూ పోయాను. ఎక్కడా తడుముకోలేదు. ఒక్కచోట మాత్రం ఆగి, "అది మునగాల కాడ సచ్చింది, రాయకు" అన్నది. గంట పట్టింది. బజారు జనం అంగళ్లు వదిలి గేటు దగ్గర మూగారు.

గీతలు కూడితే నాలుగువందల ముప్ఫై ఎనిమిది.

సుధాకర్ రావు గారు మంచివాడే గానీ వెర్రివాడు కాదు. మందను ఆవరణలోకి తోలించి, మళ్లీ గేటులోంచి ఒక్కొక్కదాన్నే బయటికి వదలమన్నాడు. గేటుకు అటు ఒక సిపాయినీ, ఇటు ఒక సిపాయినీ నిలబెట్టి వేరువేరుగా లెక్క తీయించాడు. అచ్చమ్మ ఆ లెక్క చెవిన పడకుండా చెవులు మూసుకొని గోడవైపు తిరిగి నిలబడింది. ఇద్దరు సిపాయిలూ ఒకే అంకె చెప్పారు. నాలుగువందల ముప్ఫై తొమ్మిది.

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "ఒకటి తేడా ఉంది. నువ్వు చెప్పిన దానికన్నా ఒకటి ఎక్కువ."

అచ్చమ్మ బిత్తరపోయి మంద వైపు చూసింది. చూసి, నెత్తి కొట్టుకొంది. "ఓ, గదా! గా కొమ్ముల పొట్టేలా! అది పెద్దగట్టు సౌడమ్మకు మొక్కింది దొరా. జాతరకు ఇయ్యాలె. అది మాది గాదు. మాది గానిది మా లెక్కల ఎట్ల చెప్త?"

"ఒకటి ఎక్కువ చెబితే నీకే మంచిది కదా? తలలు ఎక్కువుంటేనే గట్టు మిగులుతుంది."

"మంచిదే గాని, ఆమెది గద దొరా," అన్నది అచ్చమ్మ. అందులో ఇంకా చెప్పడానికి ఏముందో తెలియక నావైపు చూసింది.

ఆయన రెండు అంకెలూ కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత కుర్చీలోంచి నావైపు తిరిగాడు. నేను భయపడుతున్నది వచ్చేసింది.

"రామనర్సయ్యా, ఆషాఢంలో అరవైరెండు ఎలా వచ్చాయి?"

నేను నోరు తెరిచేలోగానే అచ్చమ్మ అందుకుంది. "ఆ అయ్యకేం తెల్వది దొరా! మేం గట్టు మీద లోయల దాసినం. ఆయనకేం కనపడలే. వానొస్తుండె, గొడుగేసుకొని వచ్చిండు, గొడుగేసుకొని పోయిండు. ఆయన తప్పేం లేదు."

అచ్చమ్మ అబద్ధం ఆడుతున్నది. ఒక పొట్టేలు దగ్గర, తన గట్టుకు పనికొస్తుందని తెలిసి కూడా ఆడని మనిషి, నా కొలువు కోసం ఆడుతున్నది. మైసయ్య దగ్గును చూసి నేను నవ్విన సంగతి ఆమెకు తెలుసు. మిరియాల కషాయం సంగతీ తెలుసు. నాకు తెలిసే రాశానని తెలుసు. నేను చేసిన పనివల్లే ఆరు రోజులు ఎండలో నడిచింది, మునగాల దగ్గర ఒకదాన్ని పోగొట్టుకొంది. అయినా నన్ను కాపాడుతున్నది. సిగ్గు అనేది మనిషికి కాళ్ల నుంచి పైకి ఎక్కుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

"ఆమె మాట నిజం కాదు," అన్నాను. "నాకు తెలుసు. పెంటికలు చూసిన. అరుపు విన్న. పుల్లరి తప్పుతది, పోనీలే అని తక్కువ రాసిన. లెక్క ఎందుకో వాళ్లకు చెప్పనూ లేదు."

"గిదేందయ్యా!" అన్నది అచ్చమ్మ మెల్లగా, పాలకుండ పగలగొట్టిన పిల్లవాణ్ణి చూసినట్టు చూస్తూ.

సుధాకర్ రావు గారు పెన్సిలు బల్ల మీద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను. కోపం నా మీద కన్నా ఇంకెవరి మీదో ఉన్నట్టు, "మిర్యాలగూడలో తొమ్మిది గీతలు గీశాను," అన్నాడు తనలో తాను. తర్వాత నాతో, "ఇప్పుడు చెప్పిందంతా మీ చేతితో రాయండి. ఒక్క మాట తగ్గించవద్దు," అన్నాడు.

నేను రాస్తుంటే ఆయన అచ్చమ్మతో మాట్లాడాడు. ఏం దాచావు, ఎందుకు దాచావు అని నిలదీయలేదు. ఇంట్లో పొయ్యిలోకి ఏం పెడతారు అని అడిగాడు.

"గట్టు మీది ఎండుకంప దొరా. ఎవరూ పచ్చిది కొట్టరు. ఊరోళ్లు గూడ గంతే. గట్టు మూస్తే ఊరంత పేడ పిడకలు జేసి పొయ్యిల పెట్టుకుంటరు. ఇగ పొలానికేం ఏస్తరు? ఇటు మా మంద పాయె, అటు పేడ పాయె."

ఆయన ఆ మాటను ఉర్దూలో రాసుకున్నాడు. రాసుకొని, పెన్ను పట్టుకొనే, "నిజమే. కానీ సూర్యాపేటలోనూ పొయ్యిలున్నాయి కదా అచ్చమ్మా? వాళ్లకూ కట్టెలు కావాలి. ఎక్కడి నుంచి తేవాలి?" అన్నాడు.

సర్కారు తనను ప్రశ్న అడుగుతుందని ఆమె అనుకోలేదు. పైట చెంగు చేతికి చుట్టుకొంటూ విప్పుకొంటూ ఆలోచించింది. మైసయ్య ఏదో గొణిగితే అతన్ని ఊరుకోమన్నది.

"ఉత్తరం దిక్కు వాలు తీస్కోండి," అన్నది చివరికి. "అటు జారుడు, రాళ్లు. గొర్లు కాళ్లు ఇరగ్గొట్టుకుంటయ్. గాడ సండ్ర, తుమ్మ మంచిగ పెరుగుతది. నూటయాభై ఎకరాలుంటది. మేం కాపలా గూడ ఉంటం. ఎవడన్న గొడ్డలి పట్టుకొస్తే మా కుక్కలు ఊకుంటయా!"

పటం మీద ఎర్రగట్టు చుట్టూ ఆయన గీయబోయిన గీత గీయలేదు. ఉత్తరం వైపు మాత్రం చిన్న వంకర గీత గీశాడు. "నిర్ణయం నాది ఒక్కడిది కాదు, హైదరాబాదులో ఇంకా నలుగురున్నారు. నేను రాస్తాను. ఉత్తర్వు వచ్చేదాకా నమ్మకం లేదు," అని ఉన్నమాటే చెప్పాడు. అచ్చమ్మ దణ్ణం పెట్టింది. ఆ రాత్రి మందను సూర్యాపేట పక్కన ఒకరి పొలంలో పెట్టుకొని, తెల్లారి వెళ్లిపోయారు.

తర్వాత మూడు వారాలు నేను అన్నం తిన్నానో, కాగితాలు తిన్నానో తెలియదు. సుధాకర్ రావు గారు మాత్రం మిర్యాలగూడకు మళ్లీ పోయి, ఈసారి తొమ్మిది గుట్టలూ కాళ్లతో ఎక్కి చూశాడని విన్నాను. నాలుగింటి గీతలు మారాయి. ఆ మనిషిని తలచుకొని ఇప్పటికీ నేను మనసులో చేతులు జోడిస్తాను. తన తప్పు పటం మీద ఎర్రగా కనిపిస్తుంటే దాన్ని చెరిపేంత ఓపిక ఉన్న అధికారులు నా కొలువులో చాలామంది తగల్లేదు.

డిసెంబరు ఆఖరున ఉత్తర్వు వచ్చింది. రెండు కాగితాలు. ఒకటి ఎర్రగట్టుది. రెండోది నాది. పై అధికారి మందలింపు, ఏడాది పాటు నా పనిమీద కన్ను. అంతే. కొలువు ఉంది. ఇకమీదట ఏ లెక్కకు పోయినా, అది దేనికో ముందు టముకు వేయించి చెప్పాలని కింద ఒక వాక్యం కూడా చేర్చారు.

ఎర్రగట్టు ఉత్తర్వు టపాలో పంపితే చాలు. నేను సెలవు పెట్టి స్వయంగా తీసుకుపోయాను. హుజూర్‌నగర్ దాకా బస్సు, అక్కడి నుంచి నడక. కంపలగూడెం చేరేసరికి సాయంత్రం. నన్ను చూసి గొల్లవాడ అంతా అచ్చమ్మ ముంగిట్లో చేరింది. మైసయ్య ముందుకు వచ్చి నా చేతిలోని కాగితం వైపే చూస్తున్నాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకొన్నారు. గట్టు ఉందా పోయిందా అన్నది ఆ కాగితంలో ఉందని అందరికీ తెలుసు.

నేను కాగితం విప్పబోయాను. అచ్చమ్మ చేయి అడ్డం పెట్టింది.

"ముందు గిది చెప్పు. నీ కొలువున్నదా అయ్యా?"

 ఆ అయిదిళ్ల బతుకు నా చేతిలో మడత పెట్టి ఉంది. ఆమె అడిగింది నా గురించి.

"ఉన్నదమ్మా," అన్నాను. 

"గదే. మూడు వారాలాయె నిద్ర లేదు. ఇంట్ల తల్లి ఉన్నదంటివి, భార్య నీళ్లోసుకున్నదంటివి..." అని కళ్లు తుడుచుకొంది. అదంతా నేనెప్పుడు చెప్పానో నాకు గుర్తు లేదు. కచేరీ మెట్ల మీద నా భయంలో నేనే వాగి ఉంటాను.

చెప్పులు విడిచి, వంగి, ఆమె కాళ్లకు దండం పెట్టాను. గొల్లవాడంతా హాఁ అన్నది. సర్కారు గుమాస్తా ఇట్లా చేయడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. మైసయ్య కంగారుపడి నా భుజాలు పట్టి లేపబోయాడు.

"నీ వల్లనే ఉన్నది. నా కొలువు, నా పరువు రెండూ నువ్విచ్చినవే," అన్నాను.

"సరె సరె, లే ఇగ," అన్నది అచ్చమ్మ, ఏడుస్తూ నవ్వుతూ. "మొక్కుడు తర్వాత. మా గట్టు సంగతి సదువు!"

లేచి చదివాను. ఉర్దూలో ఒక ముక్క, తెలుగులో ఒక ముక్క. ఉత్తరం వాలు పోను, ఎర్రగట్టు అంతా మేతకే ఉంచడమైనదని. ఎవరూ కేక పెట్టలేదు. అర్థం కాలేదేమోనని మళ్లీ చదివాను. అప్పుడు మైసయ్య నేల మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకొన్నాడు. అచ్చమ్మ అతని నెత్తి మీద చేయి వేసి, గట్టు వైపు చూస్తూ నిలబడింది.